తగినంత ఉప్పు: కంప్యూటరుకు అందని కొలత

మన ఇళ్ళలో వంట నేర్పే పద్ధతి పాఠకులందరికీ తెలిసినదే. "చింతపండు నిమ్మకాయంత తీసుకో. పోపు దోరగా వేగనీ. ఉప్పు తగినంత వెయ్యి." ఇంతే పాఠం. మారిషస్‌లో కానీయండి, మలేసియా రబ్బరు తోటల్లో కానీయండి, నాటాల్‌లో, ఫిజీలో కానీయండి, మన అమ్మమ్మలూ నాయనమ్మలూ కోడళ్ళకు వంట నేర్పింది ఈ మాటలతోనే. తగినంత అంటే ఎంత అని నిలదీసిన కోడలు ఉన్నట్టు మేము వినలేదు. నాలుగు రోజులు పొయ్యి దగ్గర నిలబడితే ఆ కొలత చేతికే తెలిసిపోతుంది.

కొంతకాలం క్రితం మేము ఒమాన్ దేశం వెళ్ళి, మస్కట్టు నగరంలో రూవి పేటలో కొందరు తెలుగువారి గదికి భోజనానికి వెళ్ళాము. ఆ గదిలో ఆరుగురు. వంట వంతుల వారీగా చేసుకుంటారు. ఆనాడు వంతు వచ్చినవాడు కోనసీమ కుర్రవాడు, దేశానికి కొత్త. టెలిఫోనులో తల్లిని అడుగుతూ పప్పుచారు కాస్తున్నాడు. ఆమె నోట వచ్చినవి అవే మాటలు: నిమ్మకాయంత, దోరగా, తగినంత. అదే గదిలో ఉండే మరొకతను ఏదో ఆఫీసులో కంప్యూటరు పని చేస్తాడు. అతను నవ్వి, "పిన్నిగారూ, మీ పప్పుచారు మా కంప్యూటరుకు చెప్పాలంటే వెయ్యి పేజీలు రాయాలండీ" అన్నాడు. అవతలి నుంచి ఆమె తడుముకోకుండా, "దానికేం తెలుస్తుంది నాయనా, దానికి నాలుకుందా?" అన్నది.

అందరం నవ్వుకున్నాము. కాని ఆ తల్లి అన్న మాటలో పెద్ద విషయమే ఉన్నది. మనిషికి అలవోకగా వచ్చే పనులకు కంప్యూటరుకు అన్ని ఆదేశాలు ఎందుకు కావాలి? మనిషికి తల బద్దలయ్యే లెక్కలు దానికి ఎందుకు సులువు? ఈ సంగతి మనబోటి వారికి, అంటే కూలి ఒప్పందాల మీద సముద్రం దాటిన వారి సంతతికి, ఎందుకు పట్టాలి? ఈ మూడు ప్రశ్నలకు జవాబు చెప్పుకుందాం.

చెప్పినంతే చేసే పనివాడు

కంప్యూటరును ఒక వింత పనివాడుగా ఊహించుకోండి. అలసట లేదు, మతిమరుపు లేదు, ఎదురు చెప్పడం లేదు. కాని చెప్పినది మాత్రమే చేస్తాడు, చెప్పనిది ఊహించుకోడు. చార్లెస్ బాబేజి తలపెట్టిన గణన యంత్రం గురించి 1843లో ఏడా లవ్‌లేస్ అనే ఆంగ్ల వనిత వివరణలు రాస్తూ ఈ సంగతి ఆనాడే గుర్తించింది. యంత్రం తనంతట తాను దేనినీ పుట్టించదనీ, ఎలా చేయాలో మనకు తెలిసి ఆజ్ఞాపించగలిగినదే చేస్తుందనీ ఆమె భావం. కంప్యూటరుకు ఇచ్చే ఈ ఆజ్ఞల వరుసనే ప్రోగ్రాము అంటారు.

ఇప్పుడు పప్పుచారుకు ప్రోగ్రాము రాద్దాం. "గిన్నె పొయ్యి మీద పెట్టు" అని మొదలుపెడతాము. యంత్రం అడుగుతుంది: గిన్నె అంటే ఏది? ఎదురుగా ఉన్న వస్తువుల్లో ఏది గిన్నె, ఏది దాని నీడ? మూత ఉంటే తియ్యాలా? ఎంత గట్టిగా పట్టుకోవాలి? వదులుగా పడితే జారిపోతుంది, గట్టిగా పడితే సొట్ట పడుతుంది. తడి చేత్తో పడితే పట్టు మారుతుందా? ఇంకా పొయ్యి వెలిగించనే లేదు, ఇప్పటికే రెండు పేజీలు నిండాయి. ఇక "దోరగా" దగ్గరకు వస్తే రంగు చెప్పాలి. పగటి వెలుగులో ఒక రంగు, దీపపు వెలుగులో మరో రంగు. ఆవాలు చిటపటమనే చప్పుడు వేరు, పక్కింటి కుళాయి చప్పుడు వేరు అని కూడా చెప్పాలి. కోనసీమ కుర్రవాడికి ఇవేవీ ఎవరూ చెప్పలేదు. పుట్టినది మొదలు కళ్ళతో, చెవులతో, చర్మంతో, నాలుకతో అతను సంపాదించుకున్న తెలివి అది. ఆ తల్లి మాటలు ఆ తెలివి మీద ఆనుకుని నిలబడతాయి. యంత్రానికి ఆ పునాది లేదు కనుక ఆ మాటలు గాలిలో తేలిపోతాయి.

ఒమాన్ కాలువ చెప్పే పాఠం

ఈ తేడా స్పష్టంగా చూడాలంటే ఒమాన్‌లోనే మంచి ఉదాహరణ ఉన్నది. ఆ దేశంలో వాన తక్కువ. కొండల అడుగున ఉన్న నీటిని, ఊటలను, వాగుల నీటిని సన్నని వాలు మీద మైళ్ళ కొద్దీ నడిపించి ఊళ్ళకూ ఖర్జూరపు తోటలకూ తెచ్చే కాలువలను అక్కడ ఫలజ్ అంటారు. ఇలాంటివి సుమారు 3,000 ఇంకా వాడుకలో ఉన్నాయి. నిజ్వాలోని దారిస్ కాలువతో సహా ఐదింటిని యునెస్కో 2006లో ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించింది.

కాలువ నీరు ఊళ్ళోకి రాగానే ముందు తాగునీటికి, ఇతర ఇంటి అవసరాలకు. తరువాత తోటలకు. తోటల్లో ఎవరి వంతు ఎంత అన్నది కాలంతో కొలుస్తారు. ఆ కొలతకు అసర్ అని పేరు, సుమారు అరగంట. రోజుకు 48 అసర్‌లు. పగలు నాటిన కర్ర నీడను బట్టి, రాత్రి నక్షత్రాల పొడుపును బట్టి వంతు మారేది. ఇప్పుడు చాలాచోట్ల గడియారం వచ్చింది. ఈ వంతులను చూసే పెద్దను అరీఫ్ అంటారు. తెలంగాణ పల్లెల్లో చెరువు నీరు పంచే నీరటికాడు, రాయలసీమలో నీరుగంటి మన పెద్దలకు గుర్తే. అరీఫ్ పని ఇంచుమించు అటువంటిది.

ఇందులో రెండు పనులున్నాయి. మొదటిది లెక్క. ఏడు రోజులకు ఒకసారి వంతు తిరుగుతుందనుకుందాం. మొత్తం 336 అసర్‌లు. ఒకరికి మూడు, అంటే గంటన్నర. ఒకరు తన వంతు కూతురికి, అల్లుడికి పంచి ఇస్తే అది ముక్కలవుతుంది. వంద కుటుంబాల వాటాలను తరతరాలుగా తప్పకుండా నడపడం మనిషికి కష్టం. కంప్యూటరుకు మాత్రం ఇది కనురెప్పపాటు పని. ఎందుకంటే నియమాలన్నీ ముందే మాటల్లోనూ అంకెల్లోనూ ఉన్నాయి.

రెండవది మడవ కట్టడం. వంతు మారగానే ఒక పిల్లకాలువ మూసి మరొకటి తెరవాలి. రైతు ఒక రాయి తీసి, గోనెపట్టా కుక్కి, ఇంత మట్టి ఎత్తి కాలితో తొక్కుతాడు. నీరు ఎక్కడ కారుతున్నదో చప్పుడును బట్టి తెలుసుకుంటాడు. చెట్టు పాదు తడిసిందా లేదా అని కాలి బొటనవేలితో గుచ్చి చూస్తాడు. పక్కవాడితో మాట్లాడుతూనే ఈ పని అర నిమిషంలో ముగిస్తాడు. దీనికి ఆదేశాలు రాయండి చూద్దాం. ఏ రాయి? ఎంత మట్టి? ఎంత బలంగా తొక్కాలి? ఆ రైతును అడిగినా చెప్పలేడు. మన నీరటికాడిని అడిగినా చెప్పలేడు. చెయ్యగలడు, చెప్పలేడు. హంగెరీలో పుట్టి ఇంగ్లండులో స్థిరపడిన మైకేల్ పొలాన్యి అనే పండితుడు 1966లో అచ్చయిన పుస్తకంలో ఈ సంగతినే వివరించాడు. మనిషికి తెలిసినది అతను చెప్పగలిగిన దానికన్నా ఎక్కువ అని ఆయన సారాంశం. చెప్పలేనిది ప్రోగ్రాములో రాయలేము. అసలు చిక్కు అక్కడ ఉన్నది.

చదరంగం సులువు, తువ్వాలు కష్టం

శాస్త్రజ్ఞులు కూడా ఈ చిక్కును ముందు ఊహించలేదు. చదరంగం ఆడగలిగితే యంత్రానికి బుద్ధి వచ్చినట్టేనని 1950, 60 దశకాల్లో చాలామంది అనుకున్నారు. 1997 మే నెలలో డీప్ బ్లూ అనే ఐ.బి.యం. కంప్యూటరు ప్రపంచ విజేత గారీ కాస్పరోవ్‌ను పోటీలో ఓడించింది. కాని ఆ పోటీలో బల్ల మీద పావులు జరిపింది యంత్రం కాదు. ఎత్తు దానిది, చెయ్యి మనిషిది. పక్కన కూర్చున్న మనిషి తెరను చూసి దాని బదులు పావు జరిపాడు.

1979లో అమెరికాలో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో హాన్స్ మొరావెక్ అనే శాస్త్రజ్ఞుడు నడిపిన కెమెరా బండి కుర్చీలు పెట్టిన గదిని మనిషి సాయం లేకుండా దాటింది. పట్టిన కాలం సుమారు 5 గంటలు. ఆ గదిని పాకే పిల్లవాడు ఎంతసేపట్లో దాటుతాడో తల్లులకు తెలుసు. 2010లో కాలిఫోర్నియాలోని బర్కిలీ విశ్వవిద్యాలయంలో ఒక రోబోటు కుప్పగా పోసిన తువ్వాళ్ళను తీసి మడతపెట్టింది. అది గొప్ప విజయమని అందరూ మెచ్చుకున్నారు. ఒక్కో తువ్వాలుకు పట్టిన సమయం సుమారు 24 నిమిషాలు.

పెద్దల పరీక్షల్లో యంత్రాన్ని గెలిపించడం సులువనీ, ఏడాది బిడ్డకు ఉండే చూపునూ కదలికనూ దానికి ఇవ్వడం కష్టమనీ మొరావెక్ 1988లో ఒక పుస్తకంలో రాశాడు. దీనికి ఆయన చూపిన కారణం ఆలోచించదగినది. చూడటం, పట్టుకోవడం, పడిపోకుండా నడవడం ప్రాణికోటి కోట్ల ఏళ్ళుగా సాధన చేసిన విద్యలు. లెక్కలు, చదరంగం నిన్నగాక మొన్న వచ్చినవి. పాతవి మనలో ఇంకిపోయాయి కనుక సులువనిపిస్తాయి. కొత్తవి ఇంకలేదు కనుక కష్టమనిపిస్తాయి. సులువుగా తోచడం వేరు, సులువు కావడం వేరు.

మాట వినడం కూడా ఒక విద్యే

ఈ సమస్యతో మొదట కుస్తీ పట్టినవారిలో మన తెలుగువారు ఒకరున్నారని చెప్పడానికి సంతోషిస్తున్నాము. ఆయన డాక్టరు రాజ్ రెడ్డి. 1937లో చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టారు. మద్రాసులోని గిండీ కళాశాలలో ఇంజనీరింగు చదివి, ఆస్ట్రేలియా మీదుగా అమెరికా చేరి, 1966లో స్టాన్‌ఫర్డ్‌లో డాక్టరేటు పొందారు. 1969 నుంచి కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో పనిచేశారు. మనిషి మాటను యంత్రం చేత గుర్తింపజేయడం ఆయన ఎన్నుకున్న పని. 1976 నాటికి ఆయన బృందం తయారుచేసిన హార్పీ అనే వ్యవస్థ 1,011 మాటలను గుర్తించగలిగింది. ఆనాటికి అది ఘనకార్యం. 1994లో ఆయనకూ ఎడ్వర్డ్ ఫైగెన్‌బామ్‌కూ కలిపి ట్యూరింగ్ బహుమతి వచ్చింది. కంప్యూటరు శాస్త్రంలో అంతకు మించిన బహుమతి లేదంటారు. ఆసియా సంతతివారిలో దానిని అందుకున్న మొదటివారు ఆయనే.

మాట వినడంలో అంత కష్టమేమిటి అని మీరు అడగవచ్చు. "మీవాడొచ్చాడా?" అని అడుగుతాము. కాగితం మీద విడదీసి రాస్తే మూడు మాటలు. నోటిలో మాత్రం ఒక్కటే ప్రవాహం, మధ్య ఆగేది లేదు. ఎక్కడ విరవాలో మన చెవికి తెలుసు, యంత్రానికి చెప్పాలి. "పాలు" అన్నామనుకోండి. తాగే పాలా, పంచుకునే పాలా? "సొమ్మంతా నీళ్ళపాలయింది" అంటే నీళ్ళు కలిపిన పాలు కాదని మూడో తరగతి పిల్లవాడికి తెలుసు. ఆడవారి గొంతు వేరు, ముసలివారి గొంతు వేరు, జలుబు చేసిన గొంతు వేరు. శ్రీకాకుళం యాస ఒకటి, నెల్లూరు యాస ఒకటి. ఇన్నింటికీ విడివిడిగా నియమాలు రాసుకుంటూ పోతే అంతు ఉండదు.

చెప్పి నేర్పడం, చూపి నేర్పడం

అందువల్ల శాస్త్రజ్ఞులు దారి మార్చారు. నియమాలు చెప్పడం తగ్గించి, ఉదాహరణలు చూపడం పెంచారు. 2012లో జరిగిన ఒక పోటీలో టొరంటో విశ్వవిద్యాలయం వారి ప్రోగ్రాము సుమారు 12 లక్షల బొమ్మలను చూసి, వెయ్యి రకాల వస్తువులను గుర్తుపట్టడం నేర్చుకుంది. పిల్లి అంటే ఏమిటో ఎవరూ దానికి వివరించలేదు. పిల్లుల బొమ్మలు చూపారు, అంతే. 2022 చివరి నుంచి అందరి నోటా వినిపిస్తున్న మాటలాడే యంత్రాలు కూడా కోట్లాది పుటల రాతను చూసి నేర్చినవే.

ఒక విధంగా ఇది మన అమ్మమ్మల పద్ధతే: పక్కన నిలబడి చూడు, వస్తుంది. కాని భేదం గమనించండి. బిడ్డ నాలుగు పిల్లులను చూసి ఐదవదానిని గుర్తుపడుతుంది. యంత్రానికి వేలూ లక్షలూ కావాలి. పైగా ఆ లక్షల బొమ్మల మీద "ఇది పిల్లి, ఇది కుక్క" అని పేర్లు పెట్టింది ఎవరు? దేశదేశాల్లో చిన్న కూలికి కూర్చుని ఒక్కొక్కటే చూసి గుర్తుపెట్టిన మనుషులు. యంత్రం తనంతట నేర్చిందని మనం మురిసిపోతాము గాని, దాని వెనుక పేరు తెలియని చేతులు ఎన్నో ఉన్నాయి. తోటలో పండిన పంచదారకు దొరగారి పేరు వచ్చినట్టే ఇదీను.

పనితనం లేని పని ఏది?

ఇప్పుడు మా అసలు మాటకు వస్తాము. కోరంగి రేవు నుంచి, మద్రాసు నుంచి ఓడలెక్కిన మన పూర్వుల కాగితాల్లో వారి పేరు పక్కన ఒక వేలిముద్ర, ఒక "కూలీ" అన్న మాట ఉంటాయి. పనితనం లేని మనుషులని దాని అర్థం. దొరలు అలా అన్నారు, నిజమేనని కొంతవరకు మనమూ నమ్మాము. మా తాత చెరకు కొట్టేవాడు, చదువు లేదు అని తగ్గు గొంతుతో చెప్పుకున్న రోజులున్నాయి.

చెరకు కొట్టడం ఎలాంటి పని? గడను నేలకు ఆనించి నరకాలి, ఎందుకంటే తీపి అడుగు కణుపుల్లోనే ఎక్కువ. మోడు చీలకూడదు, చీలితే మరుసటి ఏడు కార్శి తోట సరిగా రాదు. చిగురు తగినంత తీసెయ్యాలి, మళ్ళీ అదే "తగినంత". రబ్బరు గీసే మనిషి తెల్లవారకముందే తలకు దీపం కట్టుకుని, బెరడును మిల్లీమీటరు లెక్కన గీస్తాడు. లోతు చాలకపోతే పాలు రావు, లోతు మించితే చెట్టుకు గాయం. అటువంటి చెట్లు పొద్దెక్కేలోపు వందల కొద్దీ. రాళ్ళు తీసి చదును చేసిన పొలంలో చెరకు కోసే యంత్రాలు ఇప్పుడు నడుస్తున్నాయి, నిజమే. కాని యంత్రం కోసం పొలాన్నే మార్చవలసి వచ్చిందని గుర్తుంచుకోండి. మన తాతలు ఉన్న పొలంలోనే, రాళ్ళ మధ్యనే కోశారు.

నేటి ఒమాన్‌లోనూ ఇదే కథ. కరీంనగర్, నిజామాబాద్, కడప, గోదావరి జిల్లాల నుంచి గల్ఫ్ దేశాలకు వెళ్ళినవారి వీసాల మీద ఎన్నిటి మీదనో "హెల్పరు", "లేబరు" అని ఉంటుంది. ఖర్జూరపు తోట పని చూడండి. ఆడ చెట్టు, మగ చెట్టు వేరు. ప్రతి ఏడూ మనిషి నడుముకు తాడు చుట్టుకుని ఆడ చెట్టెక్కి, ముళ్ళున్న మట్టల మధ్య చెయ్యి దూర్చి, గెల విచ్చుకున్న అదను చూసి మగ పూరేకులు దోపాలి. ఒక్క చెట్టులోనే గెలలన్నీ ఒకేసారి విచ్చుకోవు, మళ్ళీ మళ్ళీ ఎక్కాలి. ఆకాశంలో ఎగిరే డ్రోన్లతో పుప్పొడి చల్లే ప్రయత్నాలు ఒమాన్‌లో జరిగాయి. జరగవలసినదే, ఎత్తు నుంచి పడే మనిషి ప్రాణం కన్నా ఏదీ ఎక్కువ కాదు. కాని చల్లడం ఒక్కటే యంత్రానికి అప్పగించగలిగారు. ముళ్ళు కోసి, గెల వంచి కట్టి, పండు పక్వం చూసి దింపడం ఇంకా మనిషి కంటిలోనే, చేతిలోనే ఉన్నది. మబ్సలి అనే రకం కాయను పచ్చిగానే ఉడికించి ఎండబెట్టి భారతదేశానికి ఎగుమతి చేస్తారు. మన పెళ్ళిళ్ళ అంగడి సరుకులో కనిపించే ఎండు ఖర్జూరం వంటిదే అది. ఆ కాయ ఎప్పుడు ఉడికిందో కాగు దగ్గర నిలబడిన మనిషి చూసి చెబుతాడు.

కష్టం పవిత్రమని పొగిడి ఊరుకోవడం మా ఉద్దేశం కాదు. ఒమాన్‌లో జూన్ నుంచి ఆగస్టు వరకు మధ్యాహ్నం 12:30 నుంచి 3:30 దాకా ఆరుబయట పని చేయించరాదని నియమం ఉన్నది. ఆ ఎండ ఎంతటిదో ఆ నియమమే చెబుతున్నది. యంత్రం తీసుకోగల భారం యంత్రం తీసుకోవలసిందే. మేము చెప్పేది ఇంతే: ఏ పనికి ఆదేశాలు రాయలేక శాస్త్రజ్ఞులు ఏళ్ళ తరబడి తలలు పట్టుకున్నారో, ఆ పనిని పనితనం లేనిదనడం అబద్ధం. ఆ అబద్ధం మీద కూలి తక్కువ కట్టడం అన్యాయం. కోటి విద్యలు కూటి కొరకే అని మనవారంటారు. కూటి కొరకు చేసినవన్నీ విద్యలేనని దానిని తిప్పి చదువుకోవడం ఇప్పుడు మనకు తగును.

మనం చేయగలిగినది

చివరగా ఒక మనవి. చూసి, విని నేర్చే యంత్రాలకు ఎవరి మాట ఎక్కువ దొరికితే వారి మాట బాగా వస్తుంది. ఆంగ్లానికి కొరత లేదు. తెలుగుకు కొరత ఉన్నది. భారత ప్రభుత్వం 2022లో ప్రారంభించిన భాషిణి వంటి ప్రయత్నాలు దేశంలోని భాషల గొంతులను సేకరిస్తున్నాయి. కాని క్రియోలు కలిసిన మారిషస్ తెలుగు, మలయు మాటలు కలిసిన తోటల తెలుగు అక్కడి పుస్తకాల్లో లేవు. అవి మన ముసలివారి నోట్లోనే ఉన్నాయి. వారితో పాటే పోతాయి.

కనుక ఇంట్లో పెద్దవారిని కూర్చోబెట్టి మాట్లాడించండి. చెరకు ఎలా కొట్టేవారో, రబ్బరు ఎలా గీసేవారో, పప్పుచారు ఎలా కాచేవారో చెప్పమనండి. చేతిలో ఉన్న టెలిఫోనులోనే ఆ గొంతు పట్టి ఉంచండి. యంత్రం కోసమే కాదు, ముందు మన పిల్లల కోసం. పక్కన నిలబడి వినే పిల్లవాడు ఒక్కడున్నా, "తగినంత" అన్న మాటకు అర్థం ఇంకో తరం బతుకుతుంది.

రూవిలో ఆనాటి పప్పుచారులో ఉప్పు కాస్త ఎక్కువైందని ఇక్కడ ఒప్పుకోక తప్పదు. ఆ కుర్రవాడు సిగ్గుపడి, "ఇంకో రెండుసార్లు కాస్తే వచ్చేస్తుందండీ" అన్నాడు. ఈపాటికి వచ్చేసే ఉంటుంది.